అవ్వ రుచి చూసిన నీళ్ళు

సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్ళందరూ ఒకటే మాట పట్టుకుంటారు. "ఈమె సైన్సును సామాన్యులకు అర్థమయ్యేలా చెబుతారు" అని. ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరండీ ఈ సామాన్యులు? బుర్ర తక్కువవాళ్ళనా మీ ఉద్దేశం? మా అవ్వ ముందు నిలబడి ఒక్క చెంబు నీళ్ళ సంగతి ఒప్పించి చూడండి, అప్పుడు తెలుస్తుంది సామాన్యులంటే ఎవరో. ప్రొఫెసర్లు ముందు వరసలో కాలుమీద కాలేసుకుని కూర్చున్న సభల్లో కూడా మాట్లాడాను నేను. మా అవ్వ అడిగినంత గట్టి ప్రశ్న ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు, ఇక అడుగుతారన్న ఆశ కూడా లేదు.

పోయిన నెల తిరువళ్ళూరులో చంటిపిల్లల తల్లులకు ఒక సభ పెట్టి నన్ను పిలిచారు. బేదులు పట్టుకున్న బిడ్డకు ఏం చేయాలో చెప్పాలి. పిలిచిన కుర్రవాడు మంచివాడే, మర్యాద తెలిసినవాడే. రెండు రోజుల ముందు ఫోను చేసి, "అమ్మా, మీరు ప్రతి సభలో చెప్పే ఆ అవ్వ కథ ఈసారి వొద్దులేమ్మా. రొంబ నెగటివ్‌గా ఉండాది. గ్లాసు, చక్కెర, ఉప్పు, అంత మట్టుకు చెప్పేస్తే చాలు" అన్నాడు. "ఆలోచిస్తాలే నాయనా" అన్నాను. ఆలోచించడానికేముంది, నా మొహం! ఫోను పెట్టేశాక చాలాసేపు నాలో నేనే గొణుక్కుంటూ తిరిగాను.

అదే వారంలో మా చిన్నాన్న కొడుకు కనకమ్మ సత్రం అనే ఊరి దగ్గరి మా పాత ఇల్లు విప్పిస్తూ, అటక మీద దొరికిన కుంచె ఒకటి సంచిలో వేసుకొచ్చాడు. మగ్గం నేసేవాళ్ళు పడుగును దువ్వే పెద్ద కుంచె. మూరెడు పొడుగు కొయ్య, కింద గట్టి గడ్డివేళ్ళతో కట్టిన ముళ్ళు. సగం ముళ్ళు పురుగు తినేసింది. "ఇది యాడ పెట్టుకుంటావక్కా? పారేద్దామా?" అన్నాడు. "దాన్ని పారేస్తే నిన్ను పారేస్తా" అన్నాను. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. కొయ్య మధ్యలో బొటనవేలు ఆనే చోట నున్నగా గుంట పడి ఉంది. అది మా అవ్వ బొటనవేలు. అక్కడ నా వేలు పెట్టి చూసుకున్నాను. నా వేలికి ఆ గుంట పెద్దది.

మా ఊరు సత్రం నుంచి తిరుత్తణి పోయే రోడ్డు దిగి లోపలికి నడిస్తే వస్తుంది. ఊళ్ళో తెలుగు మాట్లాడే మగ్గాల వీధి ఒకటే ఒకటి. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, కొండమీది స్వామితో మాత్రం ఏది నోటికొస్తే అది. ప్రతి ఇంట్లో నడిమి గదిలో గుంత మగ్గం. పొద్దున లేచింది మొదలు దాని చప్పుడే. ఆ చప్పుడు ఆగితేనే మాకు నిద్రలో మెలకువ వచ్చేది. మా అమ్మ పొయ్యి దగ్గర ఒక చేత్తో రాట్నం తిప్పుతూ ఇంకో చేత్తో రాగి సంకటి గెలికేది. ఆ సంకటిలో అప్పుడప్పుడూ నూలు పోగు వచ్చేది. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. నాయన మాత్రం ఆ పోగును వేలికి చుట్టుకుని, "ఇది నలభయ్యో నంబరు, మంచి నూలే, మింగండి" అనేవాడు.

పడుగుకు గంజి పెట్టే రోజు వేరు. ఆ రోజు ఎవరి పడుగైనా వీధంతటిదీ. నిలువు దారాలన్నిటినీ వీధి పొడుగునా కొయ్యల మీద సాగదీసి కట్టి, బియ్యం గంజి పట్టించి, అటొకరు ఇటొకరు ఎదురెదురుగా నిలబడి కుంచెలతో దువ్వుతూ పోవాలి. పొద్దు పొడవకముందే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపల ముగించాలి. గంజి తగిలిన పడుగును సగంలో వదిలేస్తే దారాలు ఒకదాన్నొకటి కరుచుకుని పోతాయి. తర్వాత మగ్గం మీద కూర్చున్నవాడికి అడుగడుగునా తెగుతాయి. అందుకని ఆ పూట వీధిలో ఎవరూ ఎవరినీ పిలవాల్సిన పని లేదు. పులిసిన గంజి వాసన, అందులో వేసిన వేరుశనగ నూనె వాసన, తడిసిన నూలు వాసన కలిసి వీధిలోకి రాగానే ఎవరి కుంచె వాళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళు.

అయితే అందరూ వచ్చినా కుంచె మాత్రం ఎవరూ ముంచరు. ముందు అవ్వ రుచి చూడాలి. అది మా వీధి కట్టుబాటు. ఊళ్ళో రెండు బావుల్లో ఒకటి ఉప్పు బావి. ఎండాకాలం మంచి బావి అడుగంటితే ఏ పిల్లో తెలియక ఉప్పు నీళ్ళు తెచ్చి గంజిలో కలిపేసేది. ఉప్పెక్కిన గంజి పట్టిన దారం ఎంత ఎండకీ ఆరదు, చెమ్మ వదలదు. మా వీధిలో అలా ఒకసారి పడుగుకు పడుగే పోయిందట. అప్పటి నుంచి గంజి కాగులో అవ్వ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాస్త ఆగి, "ఊ" అంటేనే పని మొదలు. బాగా లేకపోతే "థూ" అని పక్కకి ఉమ్మేది. ఆ "థూ"కి అప్పీలు లేదు. మా నాయనే కాదు, వీధికంతా పెద్దమనిషినని మీసం తిప్పే దొరసామి మామ కూడా ఆ "ఊ" కోసం చేతులు కట్టుకుని నిలబడేవాడు. అవ్వ నాలుకకు ఉప్పు సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని వీధంతా ఒప్పుకుంది.

ఆ పడుగు దగ్గర ఇంకొకటి కూడా ఉండేది, చిన్నప్పుడు నేను చూసి ఊరుకున్నది. అవ్వా, అమ్మా ఎప్పుడూ ఎదురెదురుగా నిలబడేవాళ్ళు కారు. అవ్వ ఈ కొసన ఉంటే అమ్మ ఆ కొసన. అత్తాకోడళ్ళకు మాటలు ఉండేవి, "ఉప్పు డబ్బా ఇటియ్యి", "కోడి గంప మూయి" అనే పాటి మాటలు. అంతకు మించి ఉండేవి కాదు. అది మా తమ్ముడు కుమారు పోయిన తర్వాత నుంచి.

కుమారు నాకన్నా చాలా చిన్నవాడు. నడక వచ్చింది, మాటలు ఇంకా సగం సగమే. ఎండాకాలంలో వాడికి వాంతులూ బేదులూ పట్టుకున్నాయి. "బేదులయ్యే బిడ్డకు నీళ్ళు పోస్తే చిల్లి కుండలో పోసినట్లే. పోసేకొద్దీ పోతాది" అని అవ్వ అంది. అవ్వ ఒక్కతే కాదు, వీధంతా అదే అంది, చూడ్డానికి వచ్చిన చదువుకున్నవాళ్ళు కూడా తలూపారు. అవ్వ నీళ్ళ చెంబు తీసి వాడికి అందకుండా గూట్లో పైన పెట్టింది. వాడు దానికేసి చెయ్యి చాపి "నీలు, నీలు" అన్నాడు. అమ్మ లేచింది. అవ్వ "కూచో" అంది. అమ్మ కూర్చుంది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు, కానీ కంట్లో తడి రాలేదు. ఏడిస్తే కన్నీళ్ళు రావాలి కదా, వీడికి రావేంటి అని నాకు వింతగా తోచింది. తర్వాత ఏడవడం కూడా మానేశాడు. ఆ తర్వాతది రాయను. రాయకపోయినా మీకు తెలుసు.

నాకు పెళ్ళీడు వచ్చాక, పెళ్ళి చేస్తామంటే వద్దని మొండికేసి, బాల్వాడీ టీచరు ట్రైనింగుకని తిరువళ్ళూరు పోవడం మొదలుపెట్టాను. రోజూ బస్సు. ఒక రోజు మద్రాసు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి మాకు పాఠం చెప్పింది. సన్నగా, గాజుల్లేని చేతులతో, గబగబా తమిళం. బోర్డు మీద పేగు బొమ్మ గీసి, దానికి తలుపులు గీసింది. బేదులైన బిడ్డ చచ్చేది బేదుల వల్ల కాదు, ఒంట్లో నీళ్ళూ ఉప్పూ అయిపోవడం వల్ల అంది. ఉత్త నీళ్ళు పోస్తే పేగు సరిగ్గా పట్టుకోదు, ఉప్పు ఒంటరిగా పోయినా ఆ తలుపు తెరవదు. కానీ ఉప్పుతో పాటు చక్కెర ఉంటే తలుపు తెరుచుకుంటుంది. చక్కెర ఉప్పును వెంటబెట్టుకుని లోపలికి పోతుంది, ఉప్పు వెనక నీళ్ళు పోతాయి. పెద్దాసుపత్రిలో సూది గుచ్చి నరంలోకి ఎక్కించేదాన్ని చాలామంది బిడ్డలకు ఇంట్లో చెంచాతో నోట్లో పోసి బతికించవచ్చు. కాచి చల్లార్చిన నీళ్ళు అర లీటరు చెంబు నిండా, పిడికెడు చక్కెర, మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు. కలిపినాక రుచి చూడండి, కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి. అంతే అంది.

అంతేనా! నేను లేచి నిలబడ్డాను. "ఇది మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను. నా గొంతు నాకే కొట్లాటకు పోయినట్టు వినిపించింది. "కొన్నేళ్ళే అయిందమ్మా. ఇప్పుడిప్పుడే అందరికీ చెప్పగలుగుతున్నాం" అని ఆమె మెల్లగా అంది. ఆమె తప్పేముంది, పాపం. కానీ నేను బయటికి పోయి కొళాయి దగ్గర నిలబడి ఏడ్చాను. కోపంతో ఏడ్చాను. పిడికెడు చక్కెర ఏ ఇంట్లో లేదు? పండగ పూట పాయసానికి దాచుకున్న రేషను చక్కెర మా ఇంట్లో డబ్బాలో కుమారు పోయిన రోజు కూడా ఉంది. ఎక్కడో మేడల్లో కూర్చున్నవాళ్ళకు తెలిసిన సంగతి మా వీధి దాకా నడిచి రావడానికి ఇన్నాళ్ళా? సరే, ఎవరూ నడిపించకపోతే నేనే చెయ్యి పట్టుకుని లాక్కొస్తాను అనుకున్నాను.

లాక్కొచ్చాను, వీధి నవ్వింది. గడప గడపకూ పోయి చెప్పాను. ఒకామె, "బేదులకు చక్కెర నీళ్ళా? ఇంగ జొరానికి లడ్డు పెట్టమంటావేమే?" అంది. దొరసామి మామ అరుగు మీద నుంచే, "ఏమ్మా టీచరమ్మా, కాలు ఇరిగితే బెల్లం పట్టు వేస్తామా?" అన్నాడు. ఆ రోజంతా వీధిలో అదే వేళాకోళం. అవ్వ నవ్వలేదు. "ఆ మాట ఈ ఇంట్లో ఇంగోసారి ఎత్తినావంటే ట్రైనింగు మానిపిస్తా" అంది. ఇంత చిన్న మాటకి ఇంత కోపమేంటని నేను విస్తుపోయాను. ఆ కోపం ఎందుకో తర్వాత తెలిసింది.

ఆ వేసవిలోనే మా అక్క పార్వతి బిడ్డను తీసుకుని పుట్టింటికి వచ్చింది. బావకు ఆవడిలో ఫ్యాక్టరీ పని, ఆయన రాలేదు. బిడ్డ పేరు వల్లి, ఏడాది నిండింది. వచ్చిన కొద్ది రోజులకే పిల్లకు బేదులు పట్టుకున్నాయి. అవ్వ చేసిన మొదటి పని నీళ్ళ చెంబు తీసి గూట్లో పైన పెట్టడం. అదే గూడు. నేను చూశాను, అమ్మ చూసింది, అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. మరునాడు తెల్లవారుజాముకే వల్లి కళ్ళు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం గిచ్చి వదిలితే గిచ్చినట్టే నిలిచింది. ఏడుస్తోంది, కన్ను తడవలేదు.

నేను నీళ్ళు కాచి చల్లార్చి, పిడికెడు చక్కెర, చిటికెడు ఉప్పు వేసి కలిపాను. అక్క వెక్కుతూ, "అవ్వ వొద్దనింది నేను పొయ్యలేను రుక్కూ. రేపు ఏమన్నా అయితే నా మొగుడికి ఏం చెప్పేది?" అంది. పిల్లను నాకియ్యమంటే ఇవ్వదు, గట్టిగా పొదువుకుని కూర్చుంది. సత్రం పోయి బస్సు పట్టుకుని ఆసుపత్రికి పోదామంటే, అవ్వ ఒప్పుకోవాలి, నాయన కదలాలి. నాయన వీధిలో ఉన్నాడు. ఎందుకంటే ఆ పొద్దున గంజి పెట్టేది మా పడుగుకే.

చెంబు పట్టుకుని వీధిలోకి పోయాను. కాగు దించారు, ఆవిరి లేస్తోంది. అందరూ కుంచెలు పట్టుకుని నిలబడ్డారు. అవ్వ వేలు ముంచబోతోంది. నేను పోయి కాగుకూ అవ్వకూ మధ్యలో నిలబడ్డాను.

"తప్పుకోవే" అంది అవ్వ.

"ముందు దీని రుచి చూడు" అని చెంబు ముందుకు చాపాను.

అవ్వకు అర్థమైపోయింది. "సావాలని ఉండాదా నీకు? బిడ్డకు బేదులైతా ఉంటే నీళ్ళు పోస్తావా?"

"పొయ్యకుంటే సస్తాది. నువ్వు రుచి చూసేదాకా నేను కాగు కాడ నుంచి కదల్ను. ఎవురు కుంచె ముంచుతారో నేనూ చూస్తా!"

 నాయన "రుక్కూ! ఎండ వస్తా ఉండాది, పడుగు పోతాది, జరుగు!" అని అరిచాడు. మా నాయన నా మీద అరవడం అదే మొదలు. పోనీ అన్నాను నేను. పడుగు పోతే ఇంకో పడుగు. దొరసామి మామ మధ్యలో వచ్చి, "సుమ్మా ఉండమ్మా, పెద్దోళ్ళకు తెలీదా? చక్కెర పోతే పేగులో ఏం సేస్తాది, నాట్యం ఆడతాదా?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, ఆ నవ్వు మీదే అందుకున్నాను.

"మామా, మీ కూతురు అత్తగారింటికి మొదటిసారి పోయినప్పుడు ఒంటిగా పంపించినావా?"

"ఒంటిగా యాడ పంపిస్తారు? తోడిపెళ్ళికూతుర్ని పెట్టి కదా పంపిస్తారు."

"ఎందుకు?"

"అది మురిపెంగా ముందర పోతే ఇది సిగ్గు పడకుండా వెనకాల పోతాది."

"పేగు కాడ కూడా అంతే. ఉప్పు పెళ్ళికూతురు. ఒంటిగా పొమ్మంటే గడప దాటదు. చక్కెర తోడిపెళ్ళికూతురు. అది చెయ్యి పట్టుకుంటే ఇదీ లోపలికి పోతాది. ఉప్పు పోయినంక దాని వెనకాల నీళ్ళు సారె మోసుకుని పోతాయి. బిడ్డ ఒంట్లో ఇప్పుడు లేనివి ఆ ఉప్పూ, నీళ్ళూనే!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళలో ఒకామె "అట్లనా?" అంది, నన్ను కాదు, పక్కామెను. దొరసామి మామ మీసం దగ్గరికి పోయిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. నేను అవ్వకేసి తిరిగాను.

"దీనికి ఒకటే పరీక్ష అవ్వా. కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉండకూడదంట. ఈ వీధిలో ఉప్పు సంగతి నీకన్నా ఎవురికి తెలుసు? కన్నీళ్ళ ఉప్పు నీకు తెలీదా? ఎక్కువుందంటే థూ అని ఉమ్ము. నేనే పారబోస్తా."

అవ్వ నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. గంజి మీద మీగడ కట్టడం మొదలైంది. కొయ్యల మీద పడుగు గాలికి ఊగుతోంది. అవ్వ వేలు చెంబులో ముంచింది. నాలుక మీద పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది. గంజికి ఆగినదానికన్నా చాలా ఎక్కువసేపు ఆగింది. మూసిన కళ్ళ లోంచి నీళ్ళు కారి ముడతల్లో పడి నోటి దాకా వచ్చాయి. ఆమె వాటినీ నాలుకతో తుడుచుకుంది. రెండు రుచులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంది, నేను కళ్ళారా చూశాను.

"ఊ" అంది.

అంతే, ఇక అప్పీలు లేదు. నేను లోపలికి పరుగెత్తాను. అమ్మ అప్పటికే చెంచా పట్టుకుని నిలబడి ఉంది. మొదటి చెంచాలు వల్లి కక్కేసింది. గుమ్మంలో ఎవరో "చూసినావా?" అన్నారు. డాక్టరమ్మ ఆ మాట కూడా చెప్పింది, కాసేపు ఆగి మళ్ళీ మెల్లగా పోయమని. ఆగాము, పోశాము. బేదులు ఆగలేదు. ఆగుతాయని నేను చెప్పలేదు కూడా. పోయినదానికి బదులు పోస్తూ ఉండాలన్నాను, అంతే. వీధిలో కుంచెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎండ గుమ్మం దాకా వచ్చేసరికి వల్లి చెంచాను రెండు చేతులా పట్టుకుని చీకడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం నాయన సత్రం నుంచి బండి తెచ్చి ఆసుపత్రికి తీసుకుపోదామని పిల్లను ఎత్తుకోబోతే, చెంచా లాగేసుకున్నామని కెవ్వుమంది. ఆ ఏడుపుకు చెంపల మీద నీళ్ళు జారాయి. అక్క ఆ చెంపల్ని ముద్దు పెట్టుకుని, "ఉప్పగా ఉండాదే, ఉప్పగా ఉండాదే" అని పిచ్చిదానిలా అందరికీ చెప్పింది. ఆసుపత్రిలో చూసి, "ఇంట్లో ఏం పోశారో అదే పోస్తూ ఉండండి" అన్నారు.

సాయంత్రం వచ్చేసరికి అవ్వ గడప మీద కూర్చుని ఉంది. గంజి అట్టలు కట్టిన చేతులు కడుక్కోలేదు. అమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. అవ్వ నా మొహం చూడకుండానే అడిగింది.

"అయితే రుక్కూ, కుమారుకు పోసుంటే బతికుండునా?"

లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు ఒక అబద్ధం చెప్పేయడం చాలా తేలిక. విధి అనవచ్చు, వాడి రాత అనవచ్చు, వాడి జబ్బు వేరు అనవచ్చు. ఇంత కష్టపడి ఒక నిజాన్ని ఇంటి దాకా లాక్కొచ్చి, గుమ్మంలోకి రాగానే దాని నోరు మూయాలా? ఆ ఉదయం వీధి నవ్వినప్పుడు లేని భయం అప్పుడు వేసింది. అయినా చెప్పాను. "బతికుండేవాడనుకుంటా అవ్వా. ఆ పొద్దు నీకు తెలీదు. మన ఊళ్ళో ఎవురికీ తెలీదు" అన్నాను. అవ్వ తలూపింది. ఆ పూట అన్నం తినలేదు, మరునాడూ తినలేదు. ముసలిదాన్ని క్షోభ పెట్టావని నాయన నన్ను తిట్టాడు. తిట్టనీ. ఆ జవాబుకు నేను ఆనాడు పశ్చాత్తాపపడలేదు, ఈనాడూ పడను. నా మాట మీద అవ్వకు అంత మర్యాద ఉండబట్టే ఆ ప్రశ్న నన్ను అడిగింది. మర్యాదకు మర్యాద ఇచ్చాను. చక్కెర నీళ్ళ మాటకు అంతకు ముందు ఎందుకు అంత మండిపడిందో కూడా ఆ గడప దగ్గరే నాకు తెలిసింది. కొత్త సంగతి అర్థం కాక కాదు మనుషులు కాదనేది. అర్థమైతే పోయిన బిడ్డల లెక్క తమ చేతికి వస్తుందని. ఏ పుస్తకమూ నాకు ఇది చెప్పలేదు.

తర్వాత గంజి పెట్టిన రోజు పడుగు దొరసామి మామది. కాగు దించారు. అవ్వ వేలు ముంచి రుచి చూసి "ఊ" అంది. అందరూ కుంచెలు ఎత్తారు. "ఉండండి" అంది అవ్వ. "నేను ఒక మాట చెప్పాల. మా మనవడు కుమారు నీళ్ళు అడిగినాడు. నేను చెంబు దాచి పెట్టినా. వాడు అట్లే పోయినాడు. నాకు ఎవురూ చెప్పలేదు, నాకు తెలీలేదు. ఇప్పుడు మీకు నేను చెప్తా ఉండాను. మీ బిడ్డలకు పొయ్యండి. పిడికెడు చక్కెర, చిటికెడు ఉప్పు. పొయ్యకుండా ఇంగ ఏ ముండన్నా చెంబు దాచిందంటే దాని పడుగుకు నేను రుచి చూడను."

 నేను అమ్మకేసి చూడలేకపోయాను. ఆ కొస నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. అమ్మ తన కుంచె పట్టుకుని పడుగు పొడుగునా నడిచి వచ్చి, అవ్వకు ఎదురుగా నిలబడింది.  ఇద్దరి కుంచెలూ ఒక్కసారే దారాల మీద పడ్డాయి. ఆ రోజు అటునుంచి ఇటు చివరి దాకా వాళ్ళిద్దరే ఎదురెదురుగా దువ్వుకుంటూ పోయారు.

అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్ళ మగ్గాల వీధుల్లో ఎక్కడ గంజి కాగినా అవ్వ పిలవని పేరంటంగా పోయేది. పోయి ఆ మాటే చెప్పేది, తన పాపంతో మొదలుపెట్టి. "ముసిలిదానికి మతి పోయినాది" అనేవాళ్ళు కొందరు. "పోతే పోనీ, నీ బిడ్డకు పొయ్యి" అనేది. నేను ట్రైనింగులో నేర్చుకున్న చార్టులు, రంగుల బొమ్మలు పట్టుకుని ఆమె వెనక నడిచాను. ఆ బొమ్మలు చూసి ఎవరూ ఒప్పుకోలేదు. అవ్వను చూసి ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ వీధిలో గంజి కాగే ఇల్లు ఒక్కటీ లేదు. నూలు మిల్లు నుంచే గంజి పట్టి వస్తుంది, మరమగ్గాలు కరెంటుతో కొట్టుకుంటాయి. ఆ ఇళ్ళ పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదివేది తమిళమే. ఉప్పూ చక్కెరా సరిపాళ్ళలో కలిపిన పొట్లం ప్రతి మందుల అంగట్లో దొరుకుతుంది. మంచిదే, వెయ్యిసార్లు మంచిదే. ఇక పరిశోధనలంటారా, తెల్లారి లేస్తే ప్రతి ఫోనులోనూ పరిశోధనే. జీలకర్రతో పరిశోధన, గోరువెచ్చని నీళ్ళతో పరిశోధన, "విదేశీ శాస్త్రవేత్తలు కనిపెట్టారు" అని పొద్దున్నే మా చిన్నాన్న కొడుకే పంపిస్తాడు. ఎవరు కనిపెట్టార్రా అంటే తెలియదు. పంపించే ముందు వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవాళ్ళు లేరు. "థూ" అనేవాళ్ళు అసలే లేరు. వింత సంగతులకు అప్పుడు కరువు, ఇప్పుడు వరద. అవ్వ నాలుక లాంటి నాలుకకు మాత్రం అప్పటికన్నా ఇప్పుడే కరువు.

తిరువళ్ళూరు సభకు కుంచెను సంచిలో వేసుకుని పోయాను. మైకు ముందు నిలబడి కుంచెను బల్ల మీద పెట్టి, "మా అవ్వ తన మనవడికి నీళ్ళు పోయలేదు. వాడు చచ్చిపోయాడు" అని మొదలుపెట్టాను. పిలిచిన కుర్రవాడు తల దించుకున్నాడు. దించుకోనీ. పడుచు తల్లులు ఒళ్ళో పిల్లల్ని దగ్గరికి తీసుకున్నారు. నేను మొత్తం చెప్పాను, అవ్వ మాటలు ఆమె తెలుగులోనే, మిగతాది తమిళంలో. ఒక్క ముక్క తీయలేదు.

అయిపోయాక, కూతురికి తోడుగా వచ్చిన ఒక ముసలావిడ వెనక వరసలో లేచి నిలబడింది. చేతి వేళ్ళు చూడగానే మగ్గం మనిషని తెలిసింది. తెలుగులో అడిగింది. "మాకూ ఒక పిల్ల ఉండె. నేనూ చెంబు తీసి పైన పెట్టినా. పోసుంటే బతికుండునామ్మా?" కూతురు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయింది. ఆమె కూర్చోలేదు. హాలంతా నావైపు తిరిగింది, ఆ కుర్రవాడు కూడా.

"బతికుండేదనుకుంటానమ్మా" అన్నాను. "ఆ పొద్దు నీకు తెలీదు."

ఆమె చాలాసేపు బల్ల మీది కుంచెను చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, చుట్టూ కూర్చున్న పడుచులకేసి ఒకసారి చూసి, "సరే. ఎంత చక్కెర, ఎంత ఉప్పో ఇంగోసారి చెప్పు. ఈళ్ళకు సరిగ్గా వినపడేట్టు గెట్టిగా చెప్పు" అంది.

గట్టిగా చెప్పాను.